తెర కింది అక్షరాలు

నంద్యాల,
8 జులై 2025.

అత్తా,

నా మీద ఇంట్లో ఒక నేరం మోపారని ఆదివారం ఫోన్లో అన్న చెప్పాడు. నంద్యాల హాస్టల్లో కూర్చుని ఆళ్లగడ్డ టీవీ రిమోట్ నేనే పట్టుకున్నానట. ఎవరూ అడగకపోయినా కేబుల్ పీకించి, ఇంటిల్లిపాదినీ తెర ముందు వెర్రిమొహాలు వేసుకునేలా చేశానట. నాయన అన్న మాటను అన్న పొల్లుపోకుండా అప్పజెప్పాడు: "ఆ పిల్ల ఆడ కూకోని ఈడ చానళ్లు మారుస్తాంది."

ఈ నేరానికి జవాబు చెప్పుకోవడానికి నాకున్న న్యాయస్థానం నువ్వొక్కదానివే. నాయనతో ఫోన్లో వాదిస్తే మధ్యలో ఆటో ఎక్కేవాళ్లు వస్తారు. అన్నతో వాదిస్తే నవ్వి పెట్టేస్తాడు. నీకేమో ఫోన్లో నా గొంతు చేరదు. నీ చిన్న ఫోన్లో తెలుగు అక్షరం రాదు. కాబట్టి తపాలాను నమ్ముకున్నాను. ఉత్తరంలో ఒక సుఖం ఉంది: నేను ముగించేదాకా ఎవరూ అడ్డుపడరు.

నేను చేసింది దౌర్జన్యం కాదు, నిరూపణ. వేసవి సెలవుల్లో మీ అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి టీవీలో ఏం కావాలో అడిగాకే కదా మాట్లాడాను? అన్నకు క్రికెట్. అమ్మకు సీరియల్. నాయనకు వార్తలు, పాత సినిమాలు. ఉచిత డిష్ పెట్టుకుంటే అమ్మ సీరియల్ అందులో రాదు. నెలనెలా కట్టే డిష్ అయితే వాన పడితే బొమ్మ పోతుంది. ఇంటర్నెట్ వైరు పెట్టించుకుంటే సినిమాల యాప్‌లు దానితోపాటే వస్తాయి. కేబుల్‌కూ, అన్న ఫోన్ డేటాకూ కలిపి పెట్టే ఖర్చు కన్నా అది తక్కువే. ఆరు నెలలకు ఒకేసారి కడితే ఇంకా తగ్గుతుందంటే నేనే కట్టించాను. ఇందులో తప్పు ఎక్కడుందో నాయన చూపించాలి.

అన్నింటికన్నా బలమైన వాదన నీది అత్తా. ఆ రోజు నాయన నోరు మూయించిన మాట గుర్తుందా? కేబుల్లో నీకు బొమ్మలు కదలడమే తప్ప ఒక్క మాట అందదు. ఈ యాప్‌లలో ప్రతి మాటా తెర కింద అక్షరాలుగా వస్తుంది. చెవులు పోయిన మనిషి ఇంట్లో ఉండగా ఆ అక్షరాలు వద్దనడానికి ఎవరికి మనసొప్పుతుంది? అక్కడితో అందరూ ఒప్పుకున్నారు.

ఇక కేబుల్ నడిపే దాదాపీర్ అన్న లోకల్ చానల్ పోయిందని నాయన బాధపడుతున్నాడట. ఆ చానల్లో ఏముంది? బోరు బండి నంబర్లు, చీరల దుకాణం తగ్గింపులు, శ్రద్ధాంజలి ఫొటోలు. పొద్దస్తమానం తెర కింద చావు కబుర్లు పరుగెత్తే చానల్ కోసం కన్నీరు పెట్టుకోవడం నాకైతే అర్థం కాదు.

ఈ ఉత్తరం నాయనకు చదివి వినిపించు. అక్షరాలు నీకు హాయిగా ఉన్నాయో లేదో రాయి. నువ్వు సాక్ష్యం చెబితే కేసు కొట్టేసినట్టే.

నీ పక్షాన నిలబడిన
వందన.


ఆళ్లగడ్డ,
16 జులై 2025.

పాపా వందనా,

పొద్దున వాక్యం చదువుకుని, నీ పేరు చెప్పి ప్రార్థన చేసి, ఈ ఉత్తరం మొదలుపెట్టినాను. అన్నం వేళకు తింటున్నావా? హాస్టల్ చారు నీళ్లలాగా ఉంటుందని మీ అన్న ప్రదీప్ అన్నాడంట, మీ అమ్మ చెప్పింది.

నీ ఉత్తరం మీ నాయనకు చదివి వినిపించినాను. నవ్వినాడు. ఏదో అన్నాడు కానీ మొహం పక్కకు తిప్పి అన్నాడు, నాకు అందలేదు. ఏమన్నాడని మీ అమ్మను అడిగితే "ఏం లేదులే వదినా" అనింది.

ప్రదీప్ కొన్న టీవీలో బొమ్మ పెద్దదిగా ఉంది. మొహాలు బాగా కనబడుతున్నాయి. కింద అక్షరాలు వస్తున్నాయి, నువ్వు చెప్పినట్టే. నా కోసం అంత మాట్లాడినావంటే నాకు సంతోషమే. అక్షరాల సంగతి నువ్వు అడిగినావని చెప్పుకుంటూ మీ నాయన ఊరికే నన్ను ఏడిపిస్తున్నాడు.

దాదాపీర్ వచ్చి మిద్దె మీది వైరు చుట్టుకుని పోయినాడు. కోపమేం లేదు. నన్ను చూసి నిలబడి, నోరు బాగా తెరిచి నిదానంగా అడిగినాడు: "ఏమక్కా, నువ్వు గూడా మా చానలు వద్దంటివా?" మా వందన చదువుకున్న పిల్ల, దానికి తెలుసులేప్పా అంటిని. తల ఊపి పోయినాడు.

నాగేశ్వరమ్మకు దగ్గు ఎక్కువైంది. కొడుకు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. శిల్పాల షెడ్డులో నేనూ ఆమే ఎదురెదురుగా కూర్చుని విగ్రహాలకు నునుపు పట్టించేవాళ్లం, నీకు తెలుసు కదా. మిషన్ల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. మూతి చూసి మాట్లాడుకోవడం మాకు ఆ కాలం నుంచే అలవాటు. ఆ మోతలోనే నా చెవులు పోయినాయి, ఆ రాతి దుమ్ములోనే ఆమె ఊపిరి పోతోంది. కానీ ఒకటి చెప్తాను పాపా. ఆమె ముందర కూర్చుంటే నాకు చెవుడు ఉందని గుర్తుండదు. ఆమె మాట నాకు ముందు ఎట్లా అందేదో ఇప్పుడూ అట్లే అందుతుంది.

ఊరికి వచ్చిందని తెలియగానే పోయి చూడాలి.

దేవుడు నిన్ను కాయును గాక.
మీ అత్త సలోమి.


ఆళ్లగడ్డ,
1 ఆగస్టు 2025.

పాపా,

నాగేశ్వరమ్మ లేదు.

నిన్న పోయినాను. ఆస్పత్రి నుంచి వచ్చి ఉంటే ఇద్దామని నాలుగు బత్తాయిలు సంచిలో వేసుకుని పోయినాను. వాకిట్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి, అద్దె కుర్చీలు, తీసుకుపోవడానికి ఎవరూ రానట్టుంది. లోపల గోడకు ఫొటో, దానికి దండ. పది రోజులు దాటిందంట. అంతా అయిపోయిందంట.

కోడలు నన్ను చూసి ఏదో గట్టిగా అనింది. ఆమె నోరు నాకు సగమే అర్థమవుతుంది. "ఇప్పుడా రావడం" అనేది ఒకటి తెలిసింది. "టీవీలో" అనేది ఒకటి తెలిసింది. రెండు రోజులు దాదాపీర్ చానల్లో ఫొటో వేయించినారంట. ఫలానా పొద్దుకు తీసుకుపోతామని కింద అక్షరాలు కూడా వేయించినారంట. ఊరందరికీ అట్లే కదా తెలిసేది. నాకూ ఇన్నేళ్లూ అట్లే తెలిసేది, ఎవరు పోయినా, ఎవరికి పెళ్లయినా, నీళ్ల ట్యాంకు ఏ పొద్దు వచ్చేది కూడా.

బత్తాయిలు ఆడనే పెట్టి వచ్చినాను.

సలోమి.


నంద్యాల,
2 ఆగస్టు 2025.

అత్తా,

నీ పదహారో తేదీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. కళాశాలల వక్తృత్వ పోటీ ఉండింది. "సమాచారం హక్కా, సరుకా?" అన్నది విషయం. హక్కు అని వాదించి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. తెలుసుకునే దారి లేని మనిషికి మిగతా హక్కులన్నీ కాగితం మీద రాతలేనని ముగించేసరికి న్యాయనిర్ణేత ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నువ్వుంటే నా మూతి చూసే మొత్తం ప్రసంగం పట్టేసేదానివి.

నీ సాక్ష్యం అందింది. అక్షరాలు వస్తున్నాయన్నావు, మొహాలు బాగున్నాయన్నావు. నాయన వాదన అక్కడితో వీగిపోయింది. కానీ ఆదివారం అన్న చెప్పిన మాట నాకు నచ్చలేదు. టీవీ పెట్టగానే నువ్వు లేచి వెళ్లిపోతున్నావట. నేను ఉన్నమాటే అడుగుతున్నాను: నాయన ఏడిపింపులకు లొంగిపోయి నువ్వు కూడా ఆయన పక్షం చేరావా? నీ కోసం పోరాడి సాధించినదాన్ని నువ్వే వదిలేసి లేచిపోతే, రేపు నేను ఎవరి తరఫున మాట్లాడగలను? సిగ్గుపడకుండా తెర ముందు కూర్చో. అది నీ హక్కు.

ఇంకొకటి. నాగేశ్వరమ్మత్త ఊరికి వచ్చేసి ఉంటుంది కదా. ఒక మధ్యాహ్నం ఆమెను ఇంటికి పిలిచి, ఇద్దరూ కూర్చుని ఒక మంచి సినిమా చూడండి. షెడ్డులో మూతులు చూసుకుని మాట్లాడుకున్నవాళ్లు, ఇప్పుడు అక్షరాలు చదువుకుని నవ్వుకోండి. ఆమె ఏమందో నాకు రాయి.

బహుమతి కప్పు గట్టిగానే ఉంది, దసరా సెలవులకు తెస్తాను.

వందన.


ఆళ్లగడ్డ,
9 ఆగస్టు 2025.

వందనకు,

నీ రెండో తేదీ ఉత్తరం చేరింది. నాగేశ్వరమ్మను పిలిచి సినిమా చూడమని రాసినావు.

ప్రదీప్ నీతో ప్రతి ఆదివారం మాట్లాడతాడు. ఆమె పోయిన తర్వాత రెండు ఆదివారాలు పోయినాయి. నీకు తెలిసే ఉంటుంది. తెలిసి కూడా ఎట్లా రాసినావో నాకు అర్థం కాలేదు. నేను ఏమంటానో చూద్దామని పరీక్ష పెట్టినావో, పెద్దదానికి మతి లేదులే అనుకున్నావో. ఆ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టినాను.

నువ్వు సాక్ష్యం అడిగినావు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. తెర కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషువి. తెలుగు సినిమాకు కూడా ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. నేను చదివింది తెలుగు బైబిలు, తెలుగు పాటల పుస్తకం. మొదటి రోజు మీ నాయన "చదువుతాండావా అక్కా" అని అడిగితే తల ఊపినాను. నీ మాట పోకూడదని ఊపినాను. అందరూ నవ్వేటప్పుడు నవ్వి, కొన్ని రోజులకు చాతకాక లేచి పోయేదాన్ని. నేను ఎవరి పక్షమూ చేరలేదు.

నువ్వు ఎగతాళి చేసిన చావు కబుర్ల చానలు తెలుగులో వచ్చేది. అందులో ఎవరూ మాట్లాడేది లేదు, వెనక పాట ఒక్కటే. ఆ ఒక్క చానలు ముందర నేనూ ఊర్లో అందరూ సమానం.

ఇంట్లో అందరికీ తెలుసు. మీ నాయన ఆటో స్టాండులో విన్నాడు. వినడమేంది, నాగేశ్వరమ్మ చుట్టాలను తన ఆటోలోనే శ్మశానం కాడికి తీసుకుపోయినాడంట. తిరిగొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాడు. నేనే వడ్డించినాను. ఎందుకు చెప్పలేదురా అంటే "నీకు తెలిసే ఉంటాదనుకుంటి గదక్కా" అన్నాడు. మీ అమ్మ కొళాయి కాడ విన్నది. నేను పోకపోయేసరికి, మన మతం కాదని పోలేదేమో అనుకున్నదంట. ఇరవై ఏళ్లు ఒకే రాయికి ఇద్దరం చెరోపక్క కూర్చున్న దాన్ని, నన్ను అట్లా అనుకున్నదంట. అనుకుని ఊరకుండింది.

ఎవరి మీదా కోపం లేదు. నా వల్ల ఇంట్లో అందరూ నోరు పెద్దగా తెరిచి మాట్లాడాల్సి వస్తుంది, అది కష్టమే. పాములపాడులో మా చిన్నాయన కొడుకు జ్ఞానప్రకాశం, చేను కాడికి ఒక మనిషి తోడుంటే బాగుంటుందని ఎప్పటి నుంచో పిలుస్తున్నాడు. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం ఆరాధన అయినాక సోమవారం బస్సు ఎక్కుతాను. సంచి సర్దుకున్నాను. నువ్వు బాగా చదువుకో.

సలోమి.


నంద్యాల,
13 ఆగస్టు 2025.

అత్తా,

ఈ ఉత్తరం నీకు రాస్తున్నాను కానీ నీ ఒక్కదానికే కాదు. నాయన ఆటో పెట్టి ఇంటికి వచ్చాక, అమ్మనూ అన్ననూ పిలిచి, టీవీ ఎదురుగా కాదు, నీ ఎదురుగా కూర్చోబెట్టు. నీ గొంతు బాగుంటుంది. గట్టిగా చదువు.

నా మీద నేరం ఇది: తన మాట గెలవడం కోసం వందన సలోమికి ఊరి కబురు తెలిసే ఒక్క దారిని తెంపింది, దానివల్ల ఆమెకు తన స్నేహితురాలి కడసారి చూపు దక్కలేదు. ఈ నేరాన్ని నువ్వు నా మీద మోపలేదు. నేనే మోపుకుంటున్నాను, ఎందుకంటే మోపవలసిన పద్ధతిలో మోపితేనే జవాబు చెప్పగలను.

మొదటి భాగం ఒప్పుకుంటున్నాను. ఒక్కొక్కరికి ఏం కావాలో అడిగిన రోజు నిన్ను అడగలేదు. నీ తరఫున నేనే చెప్పేశాను. నీకు చదవగలిగిన అక్షరం ఏదో తెలియకుండా, నీ చెవుడును నా వాదనకు చివర వేసే ముద్రగా వాడుకున్నాను. అది బాగా పనిచేసింది కాబట్టే నాకు అనుమానం రాలేదు. సమాచారం హక్కు అని వేదిక మీద కేకలు వేసి కప్పు తెచ్చుకున్నదాన్ని. అప్పటికే నా ఇంట్లో ఒక మనిషికి తెలిసే దారి మూసేశాను. ఆ కప్పును చూసినప్పుడల్లా ఏం చేయాలో తోచడం లేదు.

రెండో సంగతి. నాగేశ్వరమ్మత్త పోయిందని నాకు తెలియదు. అన్న చెప్పలేదు. రెండు ఆదివారాలూ క్రికెట్ గురించీ, హాస్టల్ తిండి గురించీ మాట్లాడాడు. నీ ఒకటో తేదీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి నా ఉత్తరం నీ దారిలో ఉంది. దాన్ని ఆపడానికి ఉరుకులు పరుగుల మీద తపాలా కార్యాలయానికి వెళ్లాను, అప్పటికే సంచి వెళ్లిపోయిందన్నారు. అన్నా, ఇది విను: నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఉత్తరం పుట్టేది కాదు. ఎందుకు చెప్పలేదని నిలదీస్తే నువ్వేమంటావో నాకు తెలుసు: "నీకెందుకు బాధ అని." ఇంట్లో అత్త విషయంలోనూ అంతే కదా.

ఇక మూడో భాగం. దీన్ని నేను ఒప్పుకోను. కడసారి చూపు పోగొట్టింది వైరు కాదు. వైరు పోయిన రోజు మన ఇంట్లో చెవులున్నవాళ్లు ముగ్గురు. ఒకరు విన్నారు, శవం వెంట వెళ్లారు. ఒకరు విన్నారు, లోపల ఒక తీర్పు రాసుకున్నారు. ఒకరు విన్నారు, ఫోన్ చూసుకున్నారు. నాలుగో మనిషిని నేను; అక్కడ లేను కాబట్టి మినహాయింపు కోరడం లేదు. ఇన్నేళ్లూ అత్తకు ఊరి సంగతులు చెప్పే పని మనం దాదాపీర్ అన్న చానల్‌కు అప్పగించి కూర్చున్నాం. అది తెర కింద రాస్తుంది, ఆమె చదువుకుంటుంది, మనకు నోరు కదిపే పని తప్పుతుంది. ఆ చానల్ ఉన్నంతకాలం మన మౌనం బయటపడలేదు. నేను దాన్ని తీసేయించేసరికి బయటపడింది.

"ఏం లేదులే." మన ఇంట్లో అత్తతో అన్నిసార్లు అన్న మాట మరొకటి లేదు. అన్నం దగ్గర మనమందరం నవ్వుతాం. ఆమె మన మొహాలు ఒక్కొక్కటిగా చూస్తుంది. ఏందీ అని అడుగుతుంది. ఏం లేదులే అంటాం. అమ్మా, నువ్వు చెడ్డదానివని నేను అనడం లేదు. పొయ్యి మీద కూర మాడుతుంటే అంత విడమరిచి చెప్పే తీరిక ఎవరికుంటుంది? కానీ మతం కోసం ఆమె స్నేహితురాలిని చూడ్డానికి పోలేదేమో అని నువ్వు అనుకోగలిగావంటే, ఎన్నేళ్లుగా ఆమెతో కూర్చుని మాట్లాడలేదో లెక్క వేసుకో. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది: వదినా, పోలేదేం?

వార్డెన్‌ను బతిమాలి ఫోన్ తీసుకుని నిన్న దాదాపీర్ అన్నతో మాట్లాడాను. మళ్లీ వైరు వేయమన్నాను, అన్నింటికన్నా చిన్న ప్యాకేజీ, లోకల్ చానల్ ఉంటే చాలన్నాను. "రేపే ఏస్తాలే పాపా," అన్నాడు. పెట్టేసే ముందు, "ఆయమ్మ ఫొటో నేనే ఏసినా. మీ ఇంటికి లైను లేదన్న సంగతి నాకు తట్టకపాయె," అన్నాడు. ఇంటర్నెట్ వైరుకు ఆరు నెలలు కట్టేశాం, అది ఎలాగూ ఉంటుంది. గడువు తీరాక ఏది ఉంచాలో, ఏది తీయాలో అత్త చెబుతుంది, మనం వింటాం. ఇది తేలికైన పని. ఒక్క ఫోన్‌తో అయిపోయింది. దీనితో అంతా సర్దుకుందని మీరు ఊపిరి పీల్చుకుంటే, మళ్లీ ఆమెను తెరకు అప్పగించినట్టే. అందుకు నేను ఒప్పుకోను.

నేను ఎందుకు రాలేదని అడుగుతారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ఎంత దూరం గనక, బస్సు ఎక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. కానీ వస్తే మళ్లీ నేనే మాట్లాడతాను, మీరు వింటారు, మీ పని నేను చేసినట్టవుతుంది. అత్త తరఫున మాట్లాడడం నేను మానేశాను. అందుకే రావడం లేదు.

అత్తా, పాములపాడు వెళ్లాలో వద్దో నువ్వే తేల్చుకో. వెళితే తప్పు కాదు. కానీ వాళ్లు చెప్పవలసింది చెప్పేదాకా సంచి మూతి కట్టకు.

ఇప్పుడు నాయనా, నీతో. ఆ రోజు శ్మశానం దాకా వెళ్లినవాడివి నువ్వు. ఆమె మొహం చూశావు. ఏ చీర కట్టారో చూశావు. ఎవరెవరు వచ్చారో, షెడ్డులో పనిచేసిన ఆడవాళ్లు ఎక్కడ నిలబడ్డారో, కొడుకు ఏమని ఏడ్చాడో నీకు తెలుసు. అక్కకు దక్కవలసిన ఆ చూపు ఇన్ని రోజులుగా నీ దగ్గరే ఉండిపోయింది. అది నీది కాదు.

మీరు ఏం జవాబు చెప్పినా అత్తకు వినపడదు. కాబట్టి టీవీ కట్టేయండి. అమ్మా, లైటు అటు కాదు, నాయన మొహం మీద పడేలా వెయ్. అన్నా, ఫోన్ కింద పెట్టి దగ్గరికి జరుగు, తర్వాత నీ వంతు. నాయనా, అక్క ఎదురుగా కూర్చో. తల తిప్పకు. నిదానంగా, పెదవులు కనబడేలా, ఆ పొద్దున నువ్వు ఆటో తీసినప్పటి నుంచి మొదలుపెట్టు. ఆమె చాలనేదాకా చెప్పు.

వందన.